తిరిగొచ్చిన కథకు జవాబు

(దిల్‌సుఖ్‌నగర్‌లో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ సభలో మనం స్మరించుకుంటున్న మాస్టారు సరూర్‌నగర్ చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్పారు. పిల్లవాడు రాసిన కథ కుదరకపోతే కొట్టేసి ఊరుకునేవారు కాదు. ఎక్కడిదాకా బాగుందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత గీసి, "ఇక్కణ్ణుంచి మళ్లీ చెప్పు" అని రాసేవారు. ఆ మాట చదువుకున్న పిల్లవాడు ఇంటికెళ్లి మళ్లీ రాసేవాడు. ఆయన పేర ఉన్న స్మారక నిధి నిర్వాహకులు మాట్లాడమని అడిగినప్పుడు నేను ఎంచుకున్న విషయం ఆ అలవాటులోంచే వచ్చింది. పిల్లల బొమ్మల పుస్తకాలు రాయాలనుకునేవాళ్లు పోటీలకు పంపుతారు, ప్రచురణకర్తలకు పంపుతారు. ఎక్కువ భాగం తిరిగొస్తాయి. చాలాసార్లు ఏ కబురూ రాదు. అలా తిరిగొచ్చిన కథకు మనం ఏం జవాబు చెబుతున్నాం? ఈ సాయంత్రం నేను మాట్లాడేది దీని గురించే.

ఈ వీధుల్లో ఉన్న రచయితలు

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైంది. మూసారాంబాగ్ దాటాక కిటికీలోంచి చూడండి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి వెనక హాస్టళ్ల బోర్డులు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి బస్సు దిగిన పిల్లలు ఇక్కడే ఒక మంచం అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కీ, ఎస్సై పోస్టులకీ, డీఎస్సీకీ చదువుతారు. నోటిఫికేషన్, హాల్‌టికెట్, కీ, కటాఫ్, మెరిట్ లిస్టు. వీళ్ల సంవత్సరం ఈ మాటల మధ్యే నడుస్తుంది. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు రెండు లక్షల మందికి పైగా పోటీపడ్డారు. లిస్టులో పేరు లేకపోవడం అంటే ఏమిటో ఈ వీధులకు తెలిసినంతగా నగరంలో మరే వీధికీ తెలియదు.

పిల్లల పుస్తకాల గురించి మాట్లాడుతూ డీఎస్సీ ఎందుకు ఎత్తానంటే, ఒకటో తరగతికీ రెండో తరగతికీ పాఠం చెప్పబోయే ఉపాధ్యాయులు వీళ్లలోంచే వస్తారు. ఖర్చుల కోసం సాయంత్రాలు ట్యూషన్లు చెప్పేది వీళ్లే. ఏ మాటకు పిల్లలు పకపకా నవ్వుతారో, ఎక్కడ దిక్కులు చూస్తారో వీళ్లకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. వీళ్లకు తోడు అంగన్‌వాడీ టీచర్లు, వనస్థలిపురంలోనో నాగోలులోనో మనవళ్లకు కథలు చెప్పే అమ్మమ్మలు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పోటీకి కథ పంపిన గృహిణులు. తెలుగులో బొమ్మల పుస్తకానికి కావలసిన రచయితలు ఇక్కడ ఉన్నారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయితే పరీక్షల మధ్య పెరిగిన మనసు కథ తిరిగొస్తే దాన్ని కూడా ర్యాంకుగానే చూస్తుంది. "నాకు ఎన్ని మార్కులు వచ్చాయి సార్?" అని అడుగుతుంది. పరీక్షకు కీ ఉంటుంది, కథకు ఉండదు. పరీక్షలో రాసిన జవాబుపత్రం మళ్లీ మన చేతికి రాదు, కథ వస్తుంది. మార్చి రాయవచ్చు, మరొకరికి పంపవచ్చు, పదేళ్లు దాచుకుని మళ్లీ తీయవచ్చు. ఒకసారి తప్పినా మళ్లీ పుస్తకం ముందు కూర్చునే పట్టుదలను దిల్‌సుఖ్‌నగర్ ఎలాగూ నేర్పింది. దాన్ని కథకు కూడా వాడుకోమని చెప్పడమే నా పని.

మన పోటీలు ఏం నేర్పాయి

తెలుగు పిల్లల రచనకు ప్రోత్సాహం కొత్త సంగతి కాదు. 1945లో మద్రాసు నుంచి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మనందరి రేడియో అన్నయ్య, అక్కయ్య, 'బాల' పత్రిక మొదలుపెట్టారు. ఆ ఏడాదే అందులో 'అమ్మ మాట వినకపోతే' అనే కథ రాసిన అబ్బాయి ముళ్లపూడి వెంకటరమణ. బాపు బొమ్మ మొదట అచ్చయింది కూడా ఆ పత్రికలోనే. పధ్నాలుగేళ్లవాడి కథకూ అంతకంటే చిన్నవాడి బొమ్మకూ చోటిచ్చిన సంపాదకులు ఉండబట్టి, తర్వాత తెలుగువాళ్లకు 'బుడుగు' దొరికాడు. ఆ చోటు ఆనాడు దొరక్కపోతే ఏం పోగొట్టుకునేవాళ్లమో ఊహించుకోండి.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' ప్రారంభించారు. అందులో ప్రతి నెలా వచ్చిన ఫోటో వ్యాఖ్యల పోటీ ఈ సభలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలు ఇచ్చేవారు. రెండింటికీ పొట్టి వ్యాఖ్యలు రాయాలి, ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవాలి, పోస్టుకార్డు మీద పంపాలి. నా దృష్టిలో తెలుగునాట బొమ్మల పుస్తకానికి అంతకు మించిన బడి లేదు. బొమ్మలో కనిపిస్తున్నదాన్నే మళ్లీ చెబితే బహుమతి రాదు. బొమ్మ చెప్పనిది మాట చెప్పాలి, మొదటి మాట వదిలేసినదాన్ని రెండోది అందుకోవాలి. కార్డు ఖర్చుతో వేలమంది పాఠకులు ఆ లెక్క నేర్చుకున్నారు. బహుమతి ఒకరికే, సాధన అందరిదీ.

చందమామ నుంచి మరొకటి కూడా గ్రహించాలి. అక్కడ కొడవటిగంటి కుటుంబరావు గారు దాదాపు మూడు దశాబ్దాలు పనిచేశారు. ఎంపికైన కథలను ఆయన చందమామ నడకలోకి తిరిగి రాసేవారు. కథ పంపిన మనిషి తన ప్రతిని, అచ్చయినదాన్ని పక్కపక్కన పెట్టుకుంటే ఏ వాక్యం పోయింది, ఏది పొట్టిదైంది, ఏ మాట తేలికైంది కళ్లకు కట్టేది. సంపాదకుడు ప్రత్యేకంగా ఉత్తరం రాయకపోయినా, అచ్చయిన పేజీయే పాఠమయ్యేది.

వారపత్రికల ఉగాది, దీపావళి కథల పోటీల్లో ఒక మంచి ఆచారం ఉండేది. మొదటి, రెండు, మూడు బహుమతుల కింద 'సాధారణ ప్రచురణకు ఎంపికైనవి' అని ఒక జాబితా ఇచ్చేవారు. బహుమతి రాని కథకుడికి ఆ జాబితాలో పేరు చూసుకోవడం ఎంత ధైర్యమో రాసేవాళ్లకే తెలుసు. అదే ప్రకటనలో మరో రెండు వాక్యాలు కూడా ఉండేవి: న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. తుది నిర్ణయం న్యాయనిర్ణేతలదే కావడం సబబే. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదన్న నిబంధనే మార్చుకోవాలని నేను కోరుతున్నాను. ఎందుకో ముందు ముందు చెబుతాను.

దేశమంతటి సంగతి చూస్తే, కార్టూనిస్టు శంకర్ 1957లో స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ 1978 నుంచి పిల్లల పుస్తక రచయితలకు పోటీలు పెట్టింది. మన భాషలో తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ, తానా కలిసి పిల్లల నవలలకూ, బొమ్మల కథలకూ పోటీలు నిర్వహించి, గెలిచినవాటిని పుస్తకాలుగా తెచ్చాయి. అమెరికాలోని తెలుగువాళ్ల డబ్బు, ఇక్కడి సంపాదకుల శ్రమ కలిసి, ఎల్బీనగర్ పిల్లవాడు చేత్తో పట్టుకోగలిగిన పుస్తకమైంది. 2004లో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ తెరిచాక, ఎవరైనా కథలను ఉచితంగా చదవవచ్చు, అనువదించవచ్చు, కొత్తవి రాసి పెట్టవచ్చు. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పత్రిక పిల్లలు చెప్పిన కథలకే పేజీలు ఇచ్చింది. దారులు లేవని ఎవరూ అనలేరు. దారిలో ఆగిపోయినవాళ్లను పలకరించేవాళ్లే తక్కువ.

తిరిగొచ్చి నిలిచినవి

బయటి ప్రపంచంలో రెండు పుస్తకాల సంగతి చెబుతాను. ఇవి చాలామందికి తెలిసినవే, కానీ వాటిలో మనం గమనించవలసింది వేరే ఉంది.

ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ 1893లో జబ్బుపడిన ఒక చిన్న పిల్లవాడికి బొమ్మలు వేస్తూ ఉత్తరం రాసింది. అందులోని కుందేలు కథను కొన్నేళ్ల తర్వాత పుస్తకంగా మలిచి పంపితే ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు కాదన్నారు. 1901 డిసెంబర్‌లో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకుంది. తర్వాత ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగుల బొమ్మలైతే వేస్తామంది, ఆమె సరేనంది. కథను కుదించింది. కానీ పుస్తకం చిన్నపిల్లల చేతికి సరిపోయేంత చిన్నదిగా, తక్కువ ధరకే ఉండాలన్న పట్టు మాత్రం వదల్లేదు. 1902లో వచ్చిన 'పీటర్ రాబిట్' ఆ ఏడాది చివరికే 28,000 ప్రతులు అచ్చయింది. ఏది వదులుకోవాలో, ఏది వదలకూడదో ఆమెకు స్పష్టంగా తెలుసు. ఆ స్పష్టత తిరస్కరణల మధ్యే వచ్చింది. ఎవరూ ఎదురు చెప్పని కథ మీద మనకు ఆ స్పష్టత రాదు.

అమెరికాలో డాక్టర్ స్యూస్ మొదటి పిల్లల పుస్తకాన్ని ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు కాదన్నాయి. చివరికి న్యూయార్క్ వీధిలో పాత కాలేజీ మిత్రుడు ఎదురయ్యాడు. అతను అప్పుడే ఒక సంస్థలో పిల్లల పుస్తకాల సంపాదకుడిగా చేరాడు. పుస్తకం 1937లో వచ్చింది. వీధిలో ఆ మనిషి ఎదురవకపోయినా ఆ ప్రతి అదే, అందులోని మాటలూ బొమ్మలూ అవే. అందుకే చెబుతున్నాను, కాదన్నంత మాత్రాన కథ విలువ తేలిపోదు. కాదనడానికి కథతో సంబంధం లేని కారణాలు ఎన్నో ఉంటాయి. రంగుల్లో అచ్చువేయడం ఖర్చుతో కూడిన పని. మన ప్రచురణకర్తలు ఏడాదికి వేయగలిగేవి కొన్నే. నిరుడే ఏనుగు పుస్తకం వేసినవాళ్లు ఈ ఏడు ఇంకో ఏనుగు కథ తీసుకోలేరు. మీ ఏనుగు మంచిదే కావచ్చు.

బల్ల మీద కథలు

కారణం కథలోనే ఉన్న సందర్భాలూ ఉన్నాయి. పోటీలకు వచ్చిన ప్రతులను చదివే పని నాకు కొంత అలవాటు. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే లోపాలు దాచకుండా చెబితేనే మీకు ఉపయోగం.

మొదటిది నీతి. కథంతా హాయిగా నడిచి, చివరి పేజీలో తాతయ్య వచ్చి "చూశారా పిల్లలూ" అని మొదలుపెడతాడు. పిల్లలు అప్పటికే చూశారు. వాళ్లు చూసినదాన్ని మళ్లీ చెప్పడం వాళ్ల తెలివిని నమ్మకపోవడమే.

రెండోది పొడవు. పత్రిక కథనే తెచ్చి బొమ్మల కథ అంటారు. అచ్చులో పదహారు పేజీలు ఒక ఫారం. బొమ్మల పుస్తకం ఒకటి రెండు ఫారాల్లో అయిపోవాలి. అందులో అట్ట లోపలి పేజీలు, పేర్ల పేజీ పోను మిగిలేది తక్కువ. పేజీ తిప్పడమే ఇక్కడ కథ నడక. తిప్పేముందు పిల్లవాడు "అమ్మో, ఏమవుతుందో" అనుకోవాలి. ఆ ఆలోచన లేకుండా రాసిన కథను చిత్రకారుడు ఎంత బాగా వేసినా కాపాడలేడు.

మూడోది, బొమ్మ పని మాట చేయడం. ఒక ఉదాహరణ నేనే అల్లి చెబుతాను. ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక పాప అమ్మ కోసం ఎదురుచూస్తోంది. రచయిత ఇలా రాశారనుకుందాం: "నీలం గౌను వేసుకున్న లక్ష్మి, ఫ్లైఓవర్ కింద, మొక్కజొన్న కంకుల బండి పక్కన నిలబడి, వచ్చీపోయే బస్సుల్ని చూస్తూ, కళ్లనిండా నీళ్లతో అమ్మ కోసం ఎదురుచూస్తూ ఉంది." ఇందులో గౌను, ఫ్లైఓవర్, కంకుల బండి, బస్సులు, కన్నీళ్లు అన్నీ చిత్రకారుడివి. రచయితకు మిగిలేది: "ఇది నాలుగో బస్సు." అంతే. పేజీ తిప్పితే: "ఇందులోనూ అమ్మ లేదు." మూడు మాటలు మిగిలిన చోట పాప భయం మొత్తం బొమ్మలోకి వెళ్లింది. చదివే పిల్లవాడు బస్సులు లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

నాలుగోది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. కథ రాసేది కొత్తపేటలో ఉన్నవాళ్లు, కథలో ఉండేది ఎవరూ చూడని రాజ్యంలో రాజు, ఎవరూ చూడని అడవిలో సింహం. మన పిల్లలు ఉండే చోటు ఏది? రెండు గదుల ఇల్లు, హాస్టల్ మెస్సు, పండ్ల బండి, మెట్రో మెట్లు, సరూర్‌నగర్ చెరువు కట్ట, వానాకాలంలో నీళ్లు నిలిచిన గల్లీ. 2008లో హైదరాబాదులోని అన్వేషి సంస్థ 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెచ్చిన పుస్తకాల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారు దళిత, ముస్లిం ఇళ్ల పిల్లల్ని కథ నడిమధ్యకు తెచ్చారు. అమెరికాలో ఎజ్రా జాక్ కీట్స్ 1940లో ఒక పత్రికలో చూసిన నల్లజాతి బాలుడి ఫోటోలను కత్తిరించి రెండు దశాబ్దాలు దాచుకున్నాడు. 1962లో ఆ బాలుణ్ణి మంచులో నడిపించి 'ది స్నోయీ డే' చేశాడు. మరుసటి ఏడాది దానికి కాల్డెకాట్ పతకం వచ్చింది. చైతన్యపురి స్టేషన్ కింద బెలూన్లు అమ్మే అమ్మాయి ఏ తెలుగు బొమ్మల పుస్తకంలో ఉంది? ఆమె కథ రాయగలవాళ్లు రోజూ ఆ మెట్లు దిగుతున్నారు.

నిర్వాహకులకు విన్నపం

ఇప్పుడు ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదన్న ఆ నిబంధన దగ్గరికి వస్తాను. పైన చెప్పిన నాలుగూ న్యాయనిర్ణేతలకు తెలుసు. ప్రతి మీద పెన్సిల్‌తో రాసుకుంటారు కూడా. ఫలితాలు ప్రకటించాక ఆ కాగితాలు కట్టకట్టి అటక మీదికి వెళ్తాయి. రాసిన మనిషికి మాత్రం తనను ఎందుకు కాదన్నారో తెలియదు. తెలియనప్పుడు మనిషి అనుకునేది ఒక్కటే: నాకు రాయడం రాదు. అలా ఆగిపోయినవాళ్లే తెలుగు బొమ్మల పుస్తకానికి అసలు నష్టం.

అందుకే ఈ స్మారక నిధి నిర్వాహకులను, ఇలాంటి పోటీలు పెట్టే ప్రతి ఒక్కరినీ నాలుగు పనులు అడుగుతున్నాను.

ఒకటి, పాల్గొన్న ప్రతివారికీ నాలుగు వాక్యాల జవాబు పంపండి. ఎక్కడిదాకా కథ పట్టి ఉంచింది, ఎక్కడ జారింది, ఏది తీసేయవచ్చు, మళ్లీ పంపవచ్చా. మొదటి బహుమతి మొత్తం కొంత తగ్గినా ఫరవాలేదు. ఆ డబ్బును చదివి జవాబు రాసేవాళ్లకు గౌరవవేతనంగా ఇవ్వండి.

రెండు, 'సాధారణ ప్రచురణ' ఆచారాన్ని కొత్తగా నిలబెట్టండి. బహుమతులతో పాటు 'మళ్లీ రాస్తే చూస్తాం' అని ఒక జాబితా ప్రకటించి, మూడు నెలల గడువు ఇవ్వండి.

మూడు, తుది వడపోతకు ముందు కథలను పిల్లలకు చదివి వినిపించండి. ఈ చుట్టుపక్కల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. నిజాం కాలం నుంచి అనాథ పిల్లలకు నీడైన విక్టోరియా మెమోరియల్ హోమ్ ఉంది. బడి పెద్దల అనుమతితో ఒక పూట వెళ్లండి. పిల్లలు "మళ్లీ చదువు" అన్న కథను పెద్దలు తేలిగ్గా పక్కనపెట్టకూడదు.

నాలుగు, రచయితనూ చిత్రకారుణ్ణీ కలపండి. మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అక్కడ చదివే యువ చిత్రకారులకు కథ కావాలి, ఇక్కడివాళ్లకు బొమ్మ కావాలి. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ వంటివారిని కథకులతో కూర్చోబెట్టింది చందమామ కార్యాలయం. ఆ పని ఇవాళ మనం చేయాలి.

రాసేవారికి

మీకు చెప్పేది కొంచెమే. కథ రాయగానే పంపకండి. తెల్లకాగితాలు మడిచి కుట్టి డమ్మీ తయారుచేయండి, పేజీకి ఎన్ని మాటలో అందులోనే రాయండి. బొమ్మలు వేయడం రాకపోతే గుండ్రాలు, గీతలు చాలు. ఎక్కడ పేజీ తిరుగుతుందో మీ చేతికే తెలుస్తుంది. ఎదురింటి పిల్లలకు చదవండి. చదువుతున్నప్పుడు మీ నోరు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం మార్చండి. పిల్లవాడు ఎక్కడ లేచి వెళ్లిపోతే అక్కడ కథ మార్చండి.

పోటీకి పంపాక ఫలితం కోసం కూర్చోకుండా రెండో కథ మొదలుపెట్టండి. మొదటిది తిరిగొస్తే ఒక వారం ముట్టుకోకండి. తర్వాత తీసి చూడండి. చెప్పిన లోపం నిజమనిపిస్తే దిద్దండి, నిజం కాదనిపిస్తే అలాగే మరొకరికి పంపండి. ఈ రెండింటిలో ఏది చేయాలో నిర్ణయించుకోవడమే రచయిత చదువు. నలుగురు కలిసి నెలకోసారి ఏ పార్కులోనో కూర్చుని ఒకరి డమ్మీ ఒకరు చదవండి. గ్రూప్ స్టడీ మీకు కొత్త కాదు.

డీఎస్సీలో ఉద్యోగం వచ్చి తరగతి గదిలోకి వెళ్లబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీ ముందు కూర్చునే పిల్లల్లో చాలామంది ఇళ్లలో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ఉండదు. వాళ్ల చేతికి అందే మొదటి బొమ్మల పుస్తకం వాళ్ల గల్లీ గురించి, వాళ్ల మాటల్లో, వాళ్ల టీచరు రాసినదైతే ఎంత బాగుంటుందో ఆలోచించండి. ఉద్యోగం రానివాళ్లకూ ఇదే చెబుతున్నాను. మెరిట్ లిస్టుకూ మీ కథకూ సంబంధం లేదు. పిల్లలకు కథ రాయడానికి ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు.

వచ్చే ఏడాది ఈ సభ జరిగేనాటికి, ఈ నిధి పేర పోటీకి కథ పంపిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక జవాబు ఉండాలి. ఆ జవాబులు రాసే పనిలో నా వంతు నేను తీసుకుంటాను. రాత బాగుండి, చదివే ఓపిక ఉన్నవాళ్లు సభ అయ్యాక నిర్వాహకుల దగ్గర పేర్లు ఇవ్వండి. మాస్టారికి మనం చేయగల స్మరణ ఇదేనని నా నమ్మకం.